బోర్లా పడుకున్న ఐవీ

సిగ్నెట్,
అక్టోబరు, ఆదివారం ఉదయం

ప్రియమైన లియోనీకి,

ఇక్కడ నేనూ, కోళ్లూ, పక్కింటి క్లారీ, విల్మా అందరం కులాసా. ఆ గాలుల మధ్య నువ్వూ కులాసాగానే ఉన్నావని తలుస్తాను. ఉత్తరమన్నాక ఇలా మొదలుపెట్టాలి కాబట్టి పెట్టాను గానీ, నువ్వు లేకుండా కులాసా అనే మాట రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

ఈ ఉత్తరం ఈ అక్టోబరు వసంతంలో దక్షిణ సముద్రంలోని మీ దీవికొచ్చే మొదటి ఓడలో వస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు ఆ ఓడే నిన్ను తెచ్చి హోబార్ట్ రేవులో దింపాలి. లేదంటే, ఇంకో ఏడాది వాతావరణ కేంద్రంలోనే ఉంటానని నువ్వు పెట్టిన సంతకాన్ని తెచ్చి వాళ్ల ఆఫీసులో ఇవ్వాలి. జులైలో రేడియో తంతిలో అడిగావు గుర్తుందా? "ఇంకో చలికాలం ఉండమంటున్నారు. వేసవికి ఐవీ నీళ్లలో ఉంటుందా? ఉంటే వస్తా." నేను ఆ రోజే జవాబు పంపాను, "పడవ అడుగు పూర్తయింది. నీటికి సిద్ధం" అని. అప్పటినుంచీ మన మధ్య వాతావరణం గురించి తప్ప వేరే మాట లేదు. ఆ రేడియో కుర్చీలో కూర్చున్న మనిషి ప్రతి మాటా చదువుతాడని తెలిసినప్పుడు ఇంకేం రాస్తాం?

శరత్కాలం చివరి ఓడలో వచ్చిన నీ ఉత్తరాన్ని మడతల దగ్గర చిరుగు పట్టేదాకా చదివాను. ఇప్పుడు నీ ప్రశ్నలకు తీరుబడిగా జవాబులు. కోళ్లు గుడ్లు పెడుతున్నాయి. గోధుమరంగుది మాత్రం నీ మీద బెంగతోనో, నా మీద కోపంతోనో మానేసింది. విల్మా తుంటి ఎముక ఆపరేషన్ బాగా జరిగింది. ఇప్పుడు కర్రతో నడుస్తోంది, ఆ కర్రతోనే క్లారీని అదిలిస్తోంది. తిండి సంగతి అడిగావు. గొర్రె మాంసం ఒక కుండెడు ఉడకబెట్టుకుని అది అయిపోయేదాకా తింటాను. మీ అమ్మకు మాత్రం చెప్పకు.

గాజునార (ఫైబర్‌గ్లాస్) ధూళికి ఒళ్లు దురద పెడుతుందేమోనన్నావు. అబ్బో, పెట్టకేం! పాత పెచ్చు గ్రైండరుతో చెక్కేటప్పుడు ముందుగా పౌడరు రాసుకోమన్నావు, రాసుకున్నాను. గొంతుదాకా గుండీలు పెట్టుకున్నాను. అయినా ఆ నలుసులు ఎక్కడెక్కడికి వెళ్లాయో ఉత్తరంలో రాయకూడదు. చన్నీళ్లతో స్నానం చేయాలి, వేడినీళ్లు పోసుకుంటే ఇంకా లోపలికి దిగుతాయని నువ్వు చెప్పింది ఆ పూట సగమే గుర్తొచ్చింది. ఆ సగం కూడా తప్పుగా గుర్తొచ్చి వేడినీళ్లే పోసుకున్నాను.

క్లారీ రోజూ వస్తాడు. జీవితమంతా హ్యూవన్ పైన్ చెక్కతో పడవలు కట్టిన మనిషి కదా, ఐవీని చూస్తే ఆయనకు ఒళ్లు మంట.

"చెట్టుకి పుట్టనిది పడవెలా అవుద్దిరా? స్నానాల తొట్టికి తెరచాప కట్టి పడవంటే ఎట్లా?" అంటాడు.

"నీ చెక్క పడవకి ఏటా రంగులెయ్యాలి, సందులు కూరాలి. దీనికి ఆ బాధ లేదుగా," అన్నాను.

"లేదు లేదు, కనపడుతోందిగా సుఖం! చలికాలమంతా దాని పొట్ట కిందే ఉన్నావు. నీ పెళ్లాన్నైనా ఇంత బాగా చూసుకున్నావా?"

ఎగతాళికే అన్నాడు. నేను మాత్రం ఆ పూట ఇంకేమీ చేయలేకపోయాను.

నీ ఉత్తరంలో ఒక వాక్యం ఉంది. "ఇక్కడ గాలికి నిలబడలేం గానీ, ఇంత హాయిగా ఎన్నడూ నిద్రపోలేదు" అని రాశావు. ఒడ్డున పడుకునే ఏనుగు సీళ్ల గురించి, పొద్దున్నే వాతావరణం కొలవడానికి నువ్వు ఎగరేసే బెలూన్ల గురించి రెండు పేజీలు రాశావు. చదివి సంతోషించాను. నిజంగానే సంతోషించాను. కానీ ఆ నిద్ర మాట దగ్గర మాత్రం ప్రతిసారీ ఆగిపోతాను. అంత హాయిగా ఉన్న మనిషి ఎందుకు తిరిగొస్తుంది అనిపిస్తుంది.

ఇక చెప్పక తప్పదు. ఐవీ అడుగు పూర్తి కాలేదు, లియోనీ. ఆ తంతి అబద్ధం.

జరిగింది చెబుతాను. చలికాలం మొదట్లో, జూన్‌లో అందరం కలిసి ఐవీని షెడ్డులో బోర్లించాం. రాయి తగిలి పగిలిన చోట చుట్టూ వెడల్పుగా, అంచులు పలచగా చెక్కాను. గాజునార బట్ట ముక్కలు చిన్నదాని మీద పెద్దది వచ్చేలా కత్తిరించుకున్నాను. ఒక్కొక్కటీ రెజిన్ జిగురులో తడిపి పరిచి, గాలి బుడగలు లేకుండా రోలరుతో నొక్కాను. తెల్లటి బట్ట తడిసి గాజులా కనబడకుండా పోతుంటే ఎంత ముచ్చటేసిందో. తీరా చూస్తే ఆ చలికి రెజిన్ గట్టిపడదే! గట్టిపరిచే మందు సరిగ్గానే కలిపాను. షెడ్డులో నీళ్లు గడ్డకడుతుంటే అది మాత్రం ఏం చేస్తుంది?

అప్పుడు నాకో గొప్ప ఆలోచన వచ్చింది. మన పరుపును వేడిచేసే కరెంటు దుప్పటి తెచ్చి, ప్లాస్టిక్ కాగితం వేసి, ఐవీ మీద కప్పి, నీ వైపుదీ నా వైపుదీ రెండు స్విచ్చులూ వేశాను. పొద్దున వెళ్లి తట్టి చూశాను. నీ వైపు దుప్పటి ఉన్నచోట ఎముకలా గట్టిపడింది. నా వైపు ఉన్నచోట వేలు పెడితే అంటుకుపోయింది.

అక్కడే ఉన్న క్లారీ పొట్ట పట్టుకుని నవ్వాడు. "నీ వైపు తీగ తెగిపోయిందిరా సన్నాసీ! ఎన్నాళ్లయింది?"

"చాలా ఏళ్లయింది."

"మరి ఎందుకు బాగు చేయించుకోలేదు?"

ఆయనకేం చెబుతాను? నీకు చెబుతున్నాను. బాగు చేయిస్తే నీ వైపు జరగడానికి నాకు సాకు ఉండదు. "ఈ మనిషికి ఎప్పుడూ చలే" అని విసుక్కుంటూనే నువ్వు చోటిచ్చేదానివి. ఆ చోటు పోగొట్టుకోవడం ఇష్టంలేక నోరెత్తలేదు.

ఆ రోజే నీ తంతి వచ్చింది. దుప్పటి తిప్పి వేస్తే మిగతా సగం కూడా గట్టిపడుతుందిలే అనుకుని, పోస్టాఫీసులో నిలబడి ఆ జవాబు రాసిచ్చాను. తిప్పి వేశాను కూడా. పైన పెచ్చు కట్టింది, కింద జిగురు జిగురుగానే ఉండిపోయింది. అదంతా కోసి తీయాల్సి వచ్చింది. తీస్తుంటే చుట్టూ ఉన్న పాత అడుగు కూడా పొరలు పొరలుగా ఊడింది. లోపల ఎన్నాళ్లనుంచి చెమ్మ ఉందో, పులిసిన వాసన వేసింది. ఇప్పుడు ఐవీ అడుగున బట్టల బుట్ట దూరేంత కన్నం ఉంది. అది ఆరాలి, లోపలినుంచి అడ్డ పట్టీలు వేసి బలం ఇవ్వాలి, మళ్లీ పొరలు పరచాలి. ఎంత తొందరపడ్డా ఈ వేసవికి కాదు. బ్రూనీ దీవి చుట్టూ మనం అనుకున్న పడవ ప్రయాణం ఈ ఏడాది లేనట్టే.

ఈ సంగతి నీకు రాస్తానంటే విల్మా కర్రెత్తింది.

"నీకేమైనా మతిపోయిందా అబ్బాయ్? ఆ పిల్ల ఓడెక్కి వస్తుంటే మధ్యలో ఇదెందుకు? రానీ. వచ్చాక నాలుగు తిడుతుంది, పడుదువుగాని."

"లియోనీ పడవ కోసమే వస్తానంది, విల్మా."

"ఎందుకోసమొస్తే నీకేంటి? వచ్చిందా లేదా అన్నదే కదా కావాల్సింది!"

ఆమె చెప్పిందే తెలివైన పని. ఈ కాగితం చింపి, కోళ్ల కబుర్లతో ఇంకో ఉత్తరం రాస్తే చాలు, నువ్వు ఓడెక్కుతావు. ఆ పని చేద్దామని రెండుసార్లు కూర్చున్నాను. చేతకాలేదు. అబద్ధమాడి రప్పిస్తే నువ్వు షెడ్డు తలుపు తీసి, ఆ కన్నం చూసి, నా వైపు తిరుగుతావు. అప్పటి నీ మొహం నేను చూడలేను. తిట్టకపోయినా, నువ్వు వచ్చింది నా దగ్గరికా, ఐవీ దగ్గరికా అన్నది బతికున్నంత కాలం నన్ను తొలుస్తూనే ఉంటుంది.

నువ్వు ఆ ఉద్యోగానికి వెళ్తానన్నప్పుడు "నీ ఇష్టం" అన్నాను. అది మంచితనం అనుకున్నావు. కాదు, అడగడానికి బెరుకు. నేను ఉండమని అడిగి, అయినా నువ్వు వెళ్లిపోతే ఆ బాధ తట్టుకోలేననిపించింది. అందుకే ఈసారి కూడా నా మాట ఐవీ చేత అనిపించాలని చూశాను. పాపం, ఆ పడవ ఎంతని మోస్తుంది?

సంతకం పెట్టాలని నీ మనసులో గట్టిగా ఉంటే పెట్టు. నేను అలగను. కొంచెం అలుగుతాను. ఓడ వచ్చే రోజు మాత్రం రేవులో ఉంటాను, దిగేవాళ్లందరూ దిగిపోయేదాకా ఉంటాను. ఇక్కడ నీకు చూపించడానికి పడవ లేదు, వేసవి ప్రయాణం లేదు. నేనొక్కణ్ణే ఉన్నాను.

ఇంకా రాస్తే మళ్లీ ఏదో హాస్యమాడి తప్పించుకుంటాను. అందుకే అడిగేస్తున్నాను. నా కోసం వచ్చెయ్, లియోనీ.

ఇట్లు,
నువ్వు లేక ఏదీ తోచని
నీ భర్త
బెవన్