నీ పేరున తీసిన వాగ్దానం

ఇంటర్నేషనల్ సిటీ, దుబాయ్,
ఏప్రిల్ 2025.

ప్రభువునందు ప్రియమైన మేనకోడలు చిరంజీవి జాయ్స్‌కి మామయ్య ఆశీర్వదించి రాసేది.

నేనూ మీ అత్తయ్యా ఇక్కడ ప్రాణాలతో, ఆరోగ్యంతో ఉన్నాం. అక్కడ నువ్వూ మీ అమ్మా అలాగే ఉన్నారని తలుస్తాను. మర్యాద ఇంతవరకే. ఇక్కణ్నించి కిందికి మర్యాద వెతక్కు, దొరకదు. నేను కోపంగా ఉన్నాను. ఫోన్లో అయితే నేను అరుస్తాను, నువ్వు "సిగ్నల్ పోతోంది మామయ్యా" అని పెట్టేస్తావు. కాగితాన్ని అలా పెట్టేయలేవు. కింద కూర్చోబెట్టి నీకు తెలుగు చదవడం నేర్పింది నేనే, చదవలేకపోయానని తప్పించుకోలేవు కూడా.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. అత్తయ్య మోకాలు పరవాలేదు, లిఫ్ట్ చెడిపోయిన రోజున మాత్రం బిల్డింగు కట్టినవాణ్ని తిడుతూ మెట్లెక్కుతోంది. నీ చిన్నప్పటి సైకిలు ఎవరికీ ఇచ్చేయలేదు. బాల్కనీలోనే ఉంది, దాని మీద అత్తయ్య తువ్వాళ్ళు ఆరేస్తోంది. మీరా హుస్సేన్ ఇంకా మా కంపెనీలోనే పికప్ తోలుతున్నాడు. రంజాను పండక్కి సేమ్యా పాయసం తెచ్చి, "పాపకి ఒక గిన్నె ఇమానంలో పంపించన్నా" అన్నాడు. నా షుగరు సంగతి అడగొద్దు. ఈ నెలంతా ఎక్కువే. దానికి కారణం తీపి కాదు, నువ్వు.

ఇక నువ్వు ఆఖర్న అడిగింది. "నువ్వు సంతోషంగా ఉన్నావా మామయ్యా?" అన్నావు. లేను.

పోయిన సంవత్సరం రెండు చోట్ల ఇంటర్వ్యూకి వెళ్తే వద్దన్నారని ఏడ్చావు. పైలట్ ఉద్యోగం అన్నావు. జనాన్ని ఎక్కించుకుని తిరిగే విమానం అనుకున్నాను. ఏ ఉద్యోగమో నువ్వు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడు నాలుగు పేజీల ఉత్తరంలో మూడో పేజీలో చెప్తావా, ఆ రెండూ మీరుంటున్న దేశం సైన్యంలో రిజర్వు దళాలని! మూడో దళం నిన్ను తీసుకుందని! వాళ్ళ పైలట్లతో కూర్చుని భోంచేశావట, నువ్వు వాళ్ళలో కలుస్తావా లేదా అని వాళ్ళే ఓటేసుకున్నారట. వచ్చే నెలలో చెయ్యెత్తి ప్రమాణం చేసి సంతకం పెడతావట. రెండేళ్ళు శిక్షణ, పదేళ్ళు వదలకూడదన్న ఒప్పందం. శిక్షణ అయ్యాక నెలలో కొద్ది రోజులే యూనిఫారం, మిగతా రోజుల్లో ఎప్పట్లాగే పిల్లలకి చిన్న విమానం నడపడం నేర్పుకుంటావట. "పార్ట్ టైమే మామయ్యా, కంగారు పడకు" అని రాశావు.

ఆ మాట దగ్గరే నా ఒళ్ళు మండింది.

ఇక్కడ అందరికీ అది చోద్యంగా ఉంది. అత్తయ్య నీ ఫోటో స్టేటస్‌లో పెట్టింది. మర్నాడు పొద్దున జెబెల్ అలీ గోడౌన్ గేటు దగ్గర మీరా హుస్సేన్ పికప్ ఆపి నవ్వుతున్నాడు.

"ఏందన్నా, మీ కోడలు పిల్ల మిల్ట్రీ ఇమానం తోలబోతా ఉందంట? అదీ పార్ట్ టైమంట గదా! మనకి ఓవర్ టైం ఉన్నట్టు వాళ్ళకి మిల్ట్రీ ఉంటాదా? మంచి స్కీమేనే!"

"మనుషుల్ని చంపడం నీకు స్కీములా కనపడుతోందా హుస్సేనూ?"

"యల్లా, నే పోతా, ఇంక ఖలాస్, నాకెందుకొచ్చిన గొడవ! పేరేమో శాంతరాజు, నోరు దెరిస్తే నిప్పులు. పాప ఒకరిని చంపే రకమా అన్నా? ఎలకని చూసి నీ బుజం ఎక్కిన బిడ్డ అది."

నేను ఫోర్క్‌లిఫ్ట్ ఎక్కాను. ఆ రోజంతా దాని మీద కూర్చుని నీతోనే పోట్లాడాను. జాయ్స్, పైనున్నవాళ్ళు పార్ట్ టైం అయితే కిందున్నవాడు పార్ట్ టైం చస్తాడా? నెలలో కొద్ది రోజులే చచ్చి, మిగతా రోజుల్లో లేచి తన పనికి తాను పోతాడా?

నేనిలా అంటానని నీకు ముందే తెలుసు. అందుకే ఉత్తరంలోనే అడ్డుకట్ట వేశావు. "నువ్వు కూడా పార్ట్ టైమే కదా మామయ్యా, ఆరు రోజులు గోడౌన్లో, ఒక్క రోజు బోధలో" అన్నావు. బాగా గుచ్చావు. ఏడో తరగతితో బడి మానేసి, బైబిలు వాక్యం ఒక్కటే చదివి చదువుకున్నవాణ్ని. బిషప్పు నా తల మీద చేతులు పెట్టి పాస్టరుని చేయలేదు, జీతమూ లేదు. కానీ విను. ఫోర్క్‌లిఫ్ట్ మీద ఉన్నప్పుడు కూడా నేను బోధకుణ్నే. అక్కడ పక్కవాణ్ని మోసం చేస్తే శుక్రవారం నా నోటికి విలువ ఉండదు. నువ్వూ అంతే. పిల్లవాడి పక్కన కూర్చుని చక్రం ఎలా పట్టుకోవాలో చెప్తున్నప్పుడు కూడా నువ్వు సైనికురాలివే. ప్రమాణానికి సెలవు రోజులుండవు.

ఇంకో మాట రాశావు. "నేను బాంబులు వేయను మామయ్యా. నాది ఇంధనం మోసే విమానం. గాలిలో వేరే విమానాలకి పైపుతో ఇంధనం ఇస్తాను, అంతే."

అంతే! ప్రభువుని నమ్మినందుకు స్తెఫనుని రాళ్ళతో కొట్టి చంపినప్పుడు ఏం జరిగిందో నీకు పదేళ్ళప్పుడు చెప్పాను. కొట్టేవాళ్ళు చేతులు బాగా ఆడాలని పైబట్టలు విప్పి ఒక కుర్రవాడి కాళ్ళ దగ్గర పెట్టారు. అతను ఒక్క రాయీ ముట్టుకోలేదు. బట్టలు కాపలా కాశాడు, అంతే. ఆ కుర్రవాడి పేరు సౌలు. పౌలుగా మారి, దేశాలు తిరిగి, జైళ్ళలో కూర్చున్నా ఆ బట్టల సంగతి అతను మరిచిపోలేదు. తానే నోరు తెరిచి ఒప్పుకున్నాడు. నువ్వు మోసేది ఎవరి బట్టలో చూసుకోవద్దా?

గాయపడినవాళ్ళని మోసుకొచ్చే విమానాలకి కూడా పోస్తానన్నావు. నిజమే అయ్యుంటుంది, కాదనను. అయితే ఆ పైపుకి మంచీ చెడూ తెలియవు. వెనక వచ్చి నిలబడిన విమానం ఎక్కడికి పోతుందో నిర్ణయించేది నువ్వూ కాదు.

మూడేళ్ళ కిందట జనవరిలో అబుదాబీ ముసఫ్ఫాలో పైనుంచి వచ్చి పడిన డ్రోన్ నీకు గుర్తుందా? ఇంధనం ట్యాంకర్లు పేలాయి. పోయిన ముగ్గురూ పొట్టకూటికి వచ్చినవాళ్ళే, అందులో ఇద్దరు మన దేశం వాళ్ళు. ఎవరి యుద్ధమో వాళ్ళకి తెలియదు. దాన్ని పంపినవాడు కూడా ఎక్కడో కూర్చుని మీట నొక్కాను, అంతే అనుకునుంటాడు. పైన శబ్దం వస్తే ఇప్పటికీ నేను తలెత్తి చూస్తాను. ఇకమీదట అలా చూసినప్పుడల్లా నువ్వు గుర్తుకు రావాలా?

ఇంత కోపంలోనూ నన్ను ఎక్కువ కాల్చింది ఇదేదీ కాదు. నీ చివరి పేజీ. "మూడో ఇంటర్వ్యూకి అసలు వెళ్ళేదాన్నే కాదు. కొత్త సంవత్సరం రోజు నువ్వు నా పేరున తీసిన వాగ్దానం కార్డు చూసే వెళ్ళాను. దేవుడు ఎగరమన్నాడు కాబట్టి ఎగురుతున్నాను. అయినా నువ్వు వద్దు అని ఒక్క మాట రాస్తే సంతకం పెట్టను." ఆ నాలుగు లైన్లు చదివి ఉత్తరం విసిరి కొట్టాను. అది పోయి అత్తయ్య సాంబారు గిన్నె పక్కన పడింది. మూల మీద ఇప్పటికీ మరక ఉంది.

మొన్న శుక్రవారం మన ఫ్లాట్లో ప్రార్థన కూడిక జరిగింది. దేవుడు చేసిన మేళ్ళు చెప్పుకునే సాక్ష్యాల సమయంలో ఐజక్ లేచాడు. నువ్వెరగవు, అల్ ఖూజ్‌లో ఏసీలు బాగుచేసే కుర్రవాడు, గోదావరి వైపు వాడు. నేను సొంత పిల్లాడిలా చూసుకుంటాను.

"బ్రదర్, మీరు పళ్ళెంలోంచి తీసిన వాగ్దానం అక్షరాలా నెరవేరిందండి! పక్షిరాజులాగ రెక్కలు చాపుకుని ఎగురుతారని వచ్చింది కదండీ, జాయ్స్ సిస్టర్ నిజంగానే ఎగిరిపోతందండి! మనం కూడా నమ్మి తీసుకోవాలండి. అందరూ స్తోత్రం చెప్పండి!"

గది నిండా స్తోత్రం అన్నారు. నేను లేచాను. లేచి ఏం చేశానో తెలుసా? ఆ కుర్రవాణ్ని పట్టుకుని అరగంట వాయించాను. వాగ్దానాలంటే లాటరీ చీట్లా అన్నాను. స్తెఫను కథ మొదలుపెట్టి, రాళ్ళన్నీ వాడి మీదే వేశాను. వాడు తలొంచుకుని, "తప్పైపోయిందండి బ్రదర్" అన్నాడు. ఏ తప్పో వాడికి తెలియదు. పై అంతస్తువాళ్ళు నేల మీద తన్నేదాకా నేను ఆగలేదు.

అందరూ వెళ్ళాక అత్తయ్య టీ కప్పులు కడుగుతూ, నా వైపు తిరగకుండానే అంది. "ఆ కుర్రాడు స్తోత్రం చెప్పడం కూడా తప్పేనాండీ? మీ కోపం వాడి మీద కాదు. ఎవరి మీదో వాళ్ళకే చెప్పుకోండి. నా వంటింట్లోకి మాత్రం తేకండి."

అందుకే ఈ ఉత్తరం. ఇప్పటిదాకా రాసినదంతా నిజమే, ఒక్క మాటా వెనక్కి తీసుకోను. కానీ అసలు సంగతి దాని వెనక దాచిపెట్టాను.

వాక్యంలో సౌలులు ఇద్దరున్నారు. ఇందాక ఒకణ్ని చూపించి నిన్ను తిట్టాను. రెండోవాడు సౌలు రాజు. యుద్ధానికి ముందు బలి అర్పించాల్సింది ప్రవక్త సమూయేలు. నేను వచ్చేదాకా ఆగు అన్నాడు. ఆయన ఆలస్యం చేశాడు, జనం చెదిరిపోతున్నారు, రాజుకి ఓపిక పట్టలేదు. తనది కాని పని తానే చేసేశాడు. దాంతోనే అతని రాజ్యం పోయింది.

ఆ రెండో సౌలుని నేనే.

కొత్త సంవత్సరం పొద్దున ఆరాధన అయ్యాక ఎప్పట్లాగే బైబిలు వచనాలు రాసిన వాగ్దాన కార్డులు పళ్ళెంలో బోర్లించి పెట్టాం. దూరాన ఉన్నవాళ్ళ పేరున ఇంటివాళ్ళే తీయడం మన అలవాటు కదా. నీ వంతు వచ్చింది. అందరూ కళ్ళు మూసుకుని నీ కోసం ప్రార్థిస్తున్నారు. నేను నీ పేరు చెప్పి ఒక కార్డు తీశాను. చూశాను. అది పక్షిరాజు వాక్యం కాదు. ఊరకుండు, నేను దేవుణ్నని తెలుసుకో అన్న వాక్యం.

ముందు రోజే మీ అమ్మ ఫోన్ చేసి, "అన్నయ్యా, అది సరిగ్గా తిండి తినట్లేదు" అంది. రెండు చోట్ల వద్దనిపించుకుని గది తలుపు వేసుకున్న పిల్లకి ఊరకుండు అని ఎలా పంపను? చేతులు రాలేదు. ఆ కార్డు జేబులో పెట్టుకుని, మిగతావి తిప్పి చూసి, రెక్కల వాక్యం వెతికి పట్టుకున్నాను. గది నిండా మూసిన కళ్ళు, నావి తప్ప. "ఆమేన్" అన్నాక ఆ కార్డు ఎత్తి చూపించాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఫోటో తీసి నీకు పంపాను. నువ్వు మెతుకు తిన్నావని మీ అమ్మ చెప్తే సంతోషించాను కూడా. నీ ఆకలి కోసం చేసిన పని నిన్ను యుద్ధ విమానాల వెనక నిలబెడుతుందని అనుకోలేదు.

కాబట్టి, తల్లీ, దేవుడు నిన్ను ఎగరమనలేదు. మానమని కూడా అనలేదు. ఆయన పేరు చెప్పి ఎగరమన్నది నీ మామయ్య.

నేను వద్దు అంటే మానేస్తానన్నావు. వద్దు అని రాయడానికి కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఆ పని చేస్తే మళ్ళీ పళ్ళెంలో చెయ్యి పెట్టినట్టే. అందుకే విడదీసి రాస్తున్నాను, విడదీసే చదువు. నా మాట అడిగావు కాబట్టి చెప్తున్నాను, నాకు ఇష్టం లేదు. ఒక్క ఇసుమంత కూడా లేదు. ఇది మేనమామ మాట. పెద్దవాడి మాటగా విను, దైవాజ్ఞగా వినకు. ఆ రెండింటినీ కలిపిన పాపం నాది, దాన్ని నువ్వు మోయొద్దు. ప్రమాణం చేస్తే నీ నోటితో, నీ బుద్ధితో చెయ్యి. మానేసినా అలాగే. నా వాగ్దానం మీద మాత్రం చెయ్యెత్తకు.

వచ్చే శుక్రవారం అందరి ముందూ ఇది చెప్పబోతున్నాను. ముందు ఐజక్‌కి చెప్తాను. ఆ తర్వాత నా బోధ ఎవరూ వినకపోయినా సరే.

జనవరి నుంచి జేబులో మోస్తున్న ఆ కార్డు ఈ ఉత్తరంలో పెట్టాను. చెమటకి అంచులు మెత్తబడ్డాయి. అది నలభై ఆరో కీర్తనలోది. కార్డు చిన్నది కాబట్టి ఒక్క వచనమే పట్టింది. ఆయన యుద్ధాల్ని ఏం చేస్తాడో చెప్పే దాని పై వచనం నేను ఇక్కడ రాయను, వివరించను. నా నోటి నుంచి చాలా విన్నావు. నీ బైబిలు తీసుకుని, తలుపు వేసుకుని, నువ్వే చదువుకో. ఆ తర్వాత పెన్ను పట్టుకుంటావో లేదో నీ ఇష్టం.

ఎగిరినా, నేల మీదే ఉన్నా, సైకిలు బాల్కనీలోనే ఉంటుంది. మీ అమ్మకి నా దీవెనలు. అత్తయ్య ముద్దులు పంపుతోంది, నేనింకా కోపంగానే ఉన్నాను.

ఇట్లు,
ఈ ఒక్కసారికి బోధకుడు కాని,
నీ మేనమామ
శాంతరాజు