అట్ట మీద నా మాట వద్దు

వదినగారికి,

అన్నయ్య జాజ్ ఆల్బమ్ అట్ట మీద "ఆఖరిదాకా తోడున్న తమ్ముడికి" అని నా గురించి వేయిస్తున్నారట. దయచేసి ఆ మాట తీయించెయ్యండి. ఎందుకో చెప్పకపోతే నాకు ముద్ద దిగేలా లేదు.

ఆ రోజు డాక్టరు వద్దన్నా వినకుండా సాక్సోఫోన్ పట్టుకుని స్టూడియోకి వచ్చారు. మిగిలింది ఒక్క పాటే. కళ్లు మూసుకుని తొమ్మిది నిమిషాలు వాయించారు. ఇరవై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నా అలాంటిది నేను వినలేదు. అద్దానికి ఇవతల ఒళ్లు మరిచిపోయి కూర్చున్నాను. అయ్యాక చూస్తే, రికార్డు బటన్ నొక్కనే లేదు.

నిజం చెప్పడానికి నోరు రాలేదు. "మధ్యలో స్వరం కాస్త జారింది అన్నయ్యా, ఇంకొక్కసారి" అన్నాను. ఆయన మొహం చిన్నబోయింది. "ముసలాణ్ణయిపోయాన్రా, ఏమనుకోకు" అని చెమట తుడుచుకుని మళ్లీ మొదలుపెట్టారు.

ఆల్బమ్‌లో ఉన్నది ఆ రెండోసారి వాయించింది. ఏడో నిమిషంలో ఎందుకు తెగిపోయిందో మీకు తెలుసు. కంపెనీ వాళ్లు మాత్రం ముగింపు కొత్తగా ఉందని అలాగే ఉంచేశారు.

పోయేముందు ఏమైనా అన్నారా అని ఆసుపత్రి వరండాలో మీరు అడిగితే, లేదని తల అడ్డంగా ఊపాను. అన్నారు వదినా. కుర్చీలోంచి ఒరిగిపోతూ నా చెయ్యి గట్టిగా పట్టుకుని అడిగారు: "ఈసారి జారలేదు కదరా?"

ఇట్లు,
రికార్డిస్టు