గడువు దాటాక నా పేరుతో

మంగళవారం, ముత్తుకూరు

ఎన్నో దేశాలవాళ్లు కలిసి రాసే మా ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కి కొత్త కోడ్ పంపే గడువు నిన్న సాయంత్రం ఆరింటితో ముగిసింది. వచ్చిన కోడ్ చూసి కలిపే పని నాది. ఆ తర్వాత ఎవరి కోడూ కలపకూడదు. వాకాడు నుంచి లక్ష్మి కోడ్ ఆరూ పదికి వచ్చింది. పాత ఫోన్లలో తెలుగు అక్షరాలు చెదరకుండా చేసే చిన్న సవరణ. వాళ్ల ఊళ్లో కరెంటు పోయిందట. అయినా వెనక్కి పంపాను. గడువంటే గడువేనని నాకు నేర్పింది సుధాకరన్న. ఈ పనిలోకి తెచ్చిందీ ఆయనే.

పొద్దున చూస్తే, రాత్రి తొమ్మిదికి సుధాకరన్న కోడ్ లోపలికి వెళ్లిపోయి ఉంది. రికార్డులో ఆమోదించినవారు అన్నచోట నా పేరు. ఆ వేళకి నేను అమ్మ పక్కన కూర్చుని అన్నం తింటున్నాను.

పోయిన తుఫానుకి ఇక్కడ నెట్ లేకపోతే, పని ఆగకూడదని నా పాస్‌వర్డ్ ఆయనకిచ్చాను. తర్వాత మార్చలేదు. మారిస్తే అనుమానించినట్టుంటుందని.

ఫోన్ చేస్తే నవ్వాడు. "నువ్వెట్లాగూ ఒప్పుకొనేదానివే గదమ్మా. నిన్ను ఇబ్బంది పెట్టడమెందుకని నేనే కలిపేసినాను."

నేను ఒప్పుకోనని తెలుసు కాబట్టే ఆయన అడగలేదు.

ఆ కోడ్ తీసేయాలంటే కారణం అందరికీ కనబడేలా రాయాలి. పాస్‌వర్డ్ ఇచ్చింది నేనేనని కూడా రాయాలి.

ఇందాక పాస్‌వర్డ్ మారుస్తుంటే లక్ష్మి మెసేజ్ వచ్చింది. "అక్కా, రికార్డు చూసినాను. గడువు నాకొక్కదానికేనా?"

నిన్న కుదరదని చెప్పడానికి నాకు ఒక్క నిమిషం పట్టలేదు. ఈ మెసేజ్ వచ్చి రెండు గంటలైంది.