రత్నం టీవీలో చేసిన ప్రార్థన

ఆదివారం రాత్రి, చిద్రి

నా చెల్లెలి కొడుకు రత్నం ఈ సాయంత్రం హైదరాబాదు టీవీ నాటకంలో కనిపించాడు. చిన్న పాత్రే. అయినా సంఘమంతా చూడాలని పొద్దున చర్చి ఆరాధనలో నేనే చాటించాను. క్రిస్మస్ నాటకాల్లో వాడికి గొంతెత్తి మాట్లాడటం నేర్పింది నేనే కదా! టీవీ ఉన్న మార్తమ్మ ఇంట్లో చాపల మీద ముప్పై మందిమి కూర్చున్నాం.

వాడు వేసింది తాగుబోతు బోధకుడి వేషం. కళ్లద్దాలు తీసి బైబిలు మీద పెట్టి, మునివేళ్ల మీద లేచి ప్రార్థన మొదలుపెట్టాడు. అది నా పద్ధతి. గది గొల్లుమంది.

"అయ్యగారూ, టీవీల మీరే దిగిండ్రు!" అన్నది మార్తమ్మ. "గా నిలవడుడు సూడుండ్రి, అచ్చం మీదే!"

నేనూ నవ్వాను. అంతలో వాడు, "ప్రభువా, దీన్ని తీస్కపోతే నాకు గంజి ఎవరు పోస్తరు?" అన్నాడు.

నా భార్య సుగుణ చనిపోయే గంటలో నేను ఏడుస్తూ అన్న మాటలవి. అప్పుడు ఆ గదిలో మేం ముగ్గురమే ఉన్నాం. వాడు ఆమె కాళ్ల దగ్గర తల వంచుకుని కూర్చున్నాడు. ఏడుస్తున్నాడనుకున్నాను.

అందరూ ఇంకా నవ్వుతూనే ఉన్నారు. వాళ్లకేం తెలుసు?

ఇంటికొచ్చి బైబిలు తెరిచాను. శపించడానికి వాక్యాలు వరుసగా దొరికాయి, వాడి తరఫున ఒక్కటీ కంటపడలేదు. మోకరించి "ప్రభువా" అన్నాను. నేనే వాణ్ణి అనుకరిస్తున్నట్టు అనిపించి లేచిపోయాను.

రేపు బసవకళ్యాణ్‌లో చావుబతుకుల్లో ఉన్న ఒకామె మంచం పక్కన ప్రార్థన చేయాలి. ఆమె భర్త నా మాటల కోసమే చూస్తుంటాడు. అక్కడ నేను కళ్లద్దాలు తీసి బైబిలు మీద పెట్టి...