మూడు పాలసీసాలు

పంజాగుట్ట, మంగళవారం

అత్తయ్యగారికి నమస్కారాలు.

ఆఖరి రోజు పొద్దున హైందవి బాగానే ఉంది. రెండు ఇడ్లీలు తిని, పాపకు పాలిచ్చింది. మధ్యాహ్నం ఆయాసం మొదలైంది. హాస్పిటల్‌కు తీసుకెళ్లాం, నాలుగింటికి పోయింది. దినాలప్పుడు మీరడిగితే చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నాను.

పాప కులాసా. నిన్న అమీర్‌పేటలో ఏ పాలసీసా మంచిదో తేలక మూడు రకాలు కొన్నాను. ఎదురింటి నర్సు జీవమణి చూసి నవ్వింది. "మూడెందుకన్నా, పుట్టింది ఒక్కతే కదా! సీసాలు జర పక్కకు పెట్టు. ఉగ్గుగిన్నెతో పట్టు, మంచిగ తాగుతది" అంది. తన గిన్నె తెచ్చి పట్టి చూపించింది, పాప తాగింది. నా చేతికిస్తే, పొలమారుతుందని భయపడి తిరిగి ఆమెకే ఇచ్చేశాను.

హైందవికి మీరు పాలు పట్టిన వెండి ఉగ్గుగిన్నె ఉంటే కొరియర్‌లో పంపండి. దాన్ని నీళ్లలో ఎంతసేపు మరిగించేవారు? మామయ్యగారి మోకాలి నొప్పి తగ్గిందా?

పాపను తెనాలి పంపమన్నారు. ఏమీ అనుకోకండి, నా దగ్గరే ఉంచుకుంటాను. మీరే వచ్చి కొన్నాళ్లు ఉండండి. దానికి మీ ఇద్దరి దీవెనలు కావాలి.

జీవమణికి రేపు పొద్దున డ్యూటీ. ఆరింటి పాలు నేనే పడతాను.

మీ అల్లుడు,
వంశీకృష్ణ