ముందుగది మంచం

నేను, టైలరు పనివాణ్ని, వయసు డెబ్భై ఒకటి, మోకాళ్లు తప్ప మిగతావన్నీ సవ్యంగా ఉన్నవాణ్ని, మతి స్థిమితంగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా రాయించిన వీలునామా ఇది. మా చెల్లెలు "అన్నయ్యకి మతి పోయింది" అంటుంది. పోలేదమ్మా. ఇప్పుడే కుదుటపడింది.

1. నా స్వార్జితమైన ఈ రెండు గదుల ఇల్లు, కింది కుట్టుషాపు నా తదనంతరం మా కటింగు మాస్టారుకు సర్వహక్కులతో చెందవలెను. ముందుగదిలో అద్దెకుంటాడని ఇన్నేళ్లూ మీకు చెప్పుకొచ్చాను. అద్దెకున్నవాడు కాదు. నా మనిషి. ఈ మాట నోటితో చెబితే అతన్నీ, షాపునీ ఎవరూ బతకనివ్వరని భయపడ్డాను.

2. ముందుగదిలోని టేకు మంచం, పరుపుతో సహా, మా చెల్లెలికి. పరుపు కొత్తదే. దానిమీద ఎవరూ పడుకోలేదు. నువ్వు చెప్పాపెట్టకుండా వస్తావని రోజూ పొద్దున్నే దుప్పటి నలిపి, దిండు గుద్ది గుంట చేసేవాళ్లం. ఒకసారి "ఎంత బద్ధకం మీ అద్దెమనిషికి, పక్క కూడా సర్దుకోడు" అంటూ నువ్వే సర్ది వెళ్లావు. నువ్వటు వెళ్లగానే అతను ఆ మంచమ్మీద కూర్చుని, "ఇంకెన్నాళ్లు నలపాలిరా దీన్ని?" అన్నాడు. మర్నాడు పొద్దున్నే మళ్లీ నలిపాను.

3. బావగారికి నా గొడుగు. నాకు సంబంధాలు చూసి చూసి ఆయన చెప్పులు అరిగాయి. "వీడిలోనే ఏదో లోపముంది" అని నలుగురిలో అన్నారు కూడా. గొడుగుకి ఒక ఊచ విరిగింది. బాగుచేయించను.

4. కుట్టుమిషను మేనకోడలికి. మన వాళ్లందరిలో నువ్వొక్కదానివే అతన్ని "మావయ్యా" అని పిలిచావు. ఎందుకని నేనడగలేదు, నువ్వూ చెప్పలేదు. ఆ రోజు అతను కాలరు తప్పు కత్తిరించాడు, పాపం.

5. ఈ వీలునామా అమలు బాధ్యత కూడా మేనకోడలిదే. ఇకపై రాసేది ఆస్తి కాదు, అయినా రాయమన్నాను. షాపులో, బస్సులో, మెట్లమీద, ఎవరైనా వస్తున్నారంటే చాలు, అతని చేతిలోంచి నా చెయ్యి లాక్కునేవాణ్ని. మొన్న ఆస్పత్రిలో నర్సు అడుగుల చప్పుడికి కూడా లాక్కున్నాను. ఆ తర్వాత రాత్రంతా ఆ చెయ్యి కోసం నా ప్రాణం కొట్టుకుంది. కాబట్టి, నేను పోయాక, కడసారి చూడవచ్చిన అందరి ముందూ అతను నా పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకోవలెను. అతన్ని ఎవరూ లేపరాదు. అలవాటు కొద్దీ తలుపు వైపు చూస్తాడు. చూడక్కర్లేదని చెప్పు తల్లీ. ఈసారి ఎవరొచ్చినా నేను చెయ్యి లాక్కోను.

మార్చి 14, శనివారం
(సంతకం) టైలరు, పై వాటా

సాక్షులు:
ఎదురింటి టీచరమ్మ
పక్కషాపు ఇస్త్రీ ఆయన