రైల్లో నీళ్ళు మానకు, పెద్దక్కా

ఖిదిర్‌పూర్, కలకత్తా
ఆదివారం

పెద్దక్కకు చిట్టి నమస్కరించి రాస్తున్నది.

నీ ఉత్తరం మంగళవారం అందింది. నువ్వూ, బావగారూ, పిల్లలూ కులాసాగా ఉన్నారని చదివి మనసు నెమ్మదించింది. నీ మోకాలి నొప్పి సంగతి మాత్రం రాయలేదు. ఈసారి రాయి. నేను బాగున్నాను. మర్యాదకు రాస్తున్న మాట కాదిది. జ్వరం పోయి నెల దాటింది, పనిలో చేరాను, అన్నం సహిస్తోంది. ఆవనూనె వాసన కూడా అలవాటైపోయింది.

ఇక్కడ వానలు ఇంకా తగ్గలేదు. గట్టిగా గంట కురిస్తే మా వీధిలో మోకాలి లోతు నీళ్ళు నిలుస్తాయి. చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తాను. నా గది మేడమీద. కిటికీలోంచి రేవు క్రేన్లు రెండు కనిపిస్తాయి. ఉదయం రేవుకు వెళ్ళి ఏ ఓడ వచ్చింది, ఏ ఓడ సరుకు దిగక ఆగింది, కూలీల సంఘం ఏమంటోంది అన్నీ కనుక్కుని, మధ్యాహ్నానికి ఆఫీసుకు వెళ్ళి వార్త రాసి ఇస్తాను. విశాఖపట్నంలో ఇరవై ఏళ్ళు చేసిన పనే. అక్కడైతే సాయంత్రం తెలుగులో నాలుగు మాటలు మాట్లాడేదాన్ని. ఇక్కడ ఆ నాలుగు మాటలకే కొరత. అది కూడా ఇప్పుడు కొంత తీరింది, ఎలాగో చెబుతాను.

నన్ను చూడడానికి వస్తానని రాశావు. రా. కానీ నీకు తెలియకుండా బావగారు నాకొక కార్డు రాశారు. ఆయన్ని ఏమీ అనకు. నువ్వు రైలెక్కబోయే ముందు రోజు మధ్యాహ్నం నుంచే నీళ్ళు మానేస్తావట. పోయిన వేసవిలో తిరుపతి వెళ్ళి వచ్చిన మూడో రోజున కిడ్నీలో రాయి కదిలి నిన్ను ఆసుపత్రిలో చేర్చారు కదా, అది కూడా ఆ ప్రయాణంలో నీళ్ళు తాగకపోవడం వల్లనే అయి ఉంటుందని డాక్టరు అన్నారట. ఇంకో రాయి ఉందని, నీళ్ళు తగ్గిస్తే అదీ కదులుతుందని కూడా చెప్పారట. నువ్వు నాకు రాసిన దాంట్లో ‘కాస్త నడుం నొప్పి’ అని ఉంది. పలాస నుంచి హౌరాకు ఒక రాత్రీ, కొంత పగలూ ప్రయాణం. నువ్వు అలాగే వస్తే నన్ను చూడడానికి బయలుదేరి నువ్వే ఆసుపత్రిలో పడతావు. ఇంత పెద్ద ఉత్తరం అందుకే రాస్తున్నాను.

నాకొచ్చిన జ్వరం ఎలాంటిదో నీకు వివరంగా రాయలేదు. ఇప్పుడు రాస్తాను. రేవు గేటు దగ్గర ఆడవాళ్ళు వెళ్ళడానికి చోటు లేదు. నాలుగు వీధులు దాటితే ట్రాం స్టాండ్ పక్కన డబ్బిచ్చి వెళ్ళేది ఒకటి ఉంది. నేను దాని గుమ్మం కూడా ఎక్కలేదు, ఆఫీసులోదానికీ వెళ్ళలేదు. బయట బాత్రూంలలో అన్నీ క్రిములే, వెళితే రోగం అంటుకుంటుంది అని చిన్నప్పుడు నువ్వు చెప్పిన మాట నా తలలో అలాగే ఉండిపోయింది. పొద్దున కాఫీ, ఆ తర్వాత సాయంత్రం ఇంటికి వచ్చేదాకా ఏమీ లేదు. అయిదు నెలలు అలాగే గడిపాను. మొదట మంట మొదలైంది. తర్వాత చలి, జ్వరం. నర్సింగ్ హోంలో నాలుగు రోజులున్నాను.

అక్కడి డాక్టరమ్మ, నా వయసే ఉంటుంది, రోజుకు ఎన్ని నీళ్ళు తాగుతారని అడిగింది. చెప్పాను. ఎందుకని అడిగింది. బయట క్రిములుంటాయని అన్నాను.

“ఈ క్రిమి బయటి నుంచి ఎగిరి రాలేదు. మీ ఒంటి మీద ఉన్నదే. నీళ్ళు తాగి వెళ్తూ ఉంటే అది కొట్టుకుపోయేది. మీరు నీళ్ళు ఆపేశారు, వచ్చింది కూడా ఆపేశారు. అది లోపల ఇల్లు కట్టుకుంది” అంది.

ఇంతకాలం ఎవరేం చెప్పినా రుజువు అడిగే ఉద్యోగం చేశాను. బయట క్రిములన్న నీ ఒక్క మాటకు మాత్రం ఎప్పుడూ అడగలేదు.

పనిలో చేరిన రోజునే ట్రాం స్టాండ్ దగ్గరికి వెళ్ళాను. ఆడవాళ్ళ వైపు గుమ్మంలో బల్ల మీద ఒకావిడ కూర్చుని ఉంది. యాభై ఏళ్ళుంటాయి. నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, తలుపును చూపుడు వేలి కొనతో తోయబోయాను. ఆవిడ తనలో తాను తెలుగులో గొణిగింది.

“ఓలమ్మ, ఈ మారాణికి తలుపు కాలతన్నట్టుంది.”

“నేను తెలుగుదాన్నే. పలాస” అన్నాను.

ఆవిడ నాలుక కరుచుకుని లేచి నిలబడింది. పేరు రాములమ్మ. ఇచ్ఛాపురం దగ్గర పల్లె. అత్తగారు ఇక్కడ వీధులూ దొడ్లూ కడిగే పనికి వచ్చారు, ఆవిడ తర్వాత ఇరవై ఏళ్ళుగా ఈవిడ. ఇక్కడివాళ్ళు మాసీ అని పిలుస్తారు. నన్ను ఆ రోజు నుంచి ‘పేపరమ్మ’ అంటోంది.

రాములమ్మ నాకు నేర్పినవన్నీ నీకు చెప్పాలి. డాక్టరమ్మకు చెబితే ప్రతిదానికీ తల ఊపింది కాబట్టి నమ్మకంగా రాస్తున్నాను.

“గుంటని ఎవులూ ముట్టుకోరు పేపరమ్మా. గొళ్ళేన్ని అందరూ ముట్టుకుంతారు, కుళాయిని ముట్టుకుంతారు, మగ్గు పిడిని ముట్టుకుంతారు. బయపడితే దాన్ని సూసి బయపడాల” అంది.

అందుకని మగ్గు పిడి మీద, కుళాయి మీద ముందు నీళ్ళు పోసి అప్పుడు పట్టుకోమంది. వెళ్ళేముందు ఒక చెంబుడు నీళ్ళు పోసి, వెళ్ళాక దూరంగా నిలబడి పోయమంది, చిందు మీద పడకుండా. కుచ్చిళ్ళు ఎగదోపుకోవాలి. సంచీ కింద పెట్టకూడదు, భుజానికి ఉండాలి, లేదా మేకుకు. కడుక్కునేటప్పుడు చెయ్యి ముందు నుంచి వెనక్కే పోవాలి. ఇది డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది. బయటికి వచ్చాక సబ్బుతో కడుక్కోవాలి. ఇక్కడ కాగితాల్లా ఉండే సబ్బు దొరుకుతుంది, ఒక్కో రేకు చింపి వాడుకోవచ్చు. నీకు ఒక పొట్లం ఈ కవరులోనే పెట్టాను.

చేతులు కడిగి నేనేం చేశానో తెలుసా? మనందరం చేసేదే. కొంగుకు తుడుచుకున్నాను.

“అయిపోనాది! ఆ కొంగే ఇందాక ముక్కుకెట్టినావు, తలుపుకి రాసినావు, ఇప్పుడు సేతికి రాసినావు. కడిగినదంతా గంగపాలు. గాలికి ఆరబెట్టుకో” అని కేకలేసింది. లైన్లో ఉన్న బెంగాలీ అమ్మాయికి భాష తెలియకపోయినా తను కూడా తుడుచుకోవడం మానేసింది.

ఆ రోజు నుంచి రేవుకు వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి అక్కడ ఆగుతాను. ఇంటి నుంచి కాచిన నీళ్ళ సీసా తెచ్చుకుని ఆవిడ ఎదుటే తాగుతాను. నా నాలుగు తెలుగు మాటలూ అక్కడే.

రెండో వారంలో ఒకరోజు సీసా ఆవిడకు కూడా ఇచ్చాను. వద్దంది. మర్నాడూ వద్దంది. పొద్దున ఆరింటికి వచ్చి మూడింటిదాకా ఉంటుంది. మరి నువ్వెప్పుడు వెళ్తావు అని అడిగాను.

“నానా? ఇంటికెల్లినాక.”

“తొమ్మిది గంటలా? ఇంత శుభ్రంగా పెట్టుకుని?”

“మావు కడిగిన దాంట్లో మావు కూకోం, పేపరమ్మా. మా అత్త కూకోనేదు, మా లైన్లో ఈ పని సేసే ఆడోల్లు ఎవులూ కూకోరు. కూకుంతే ఏటంతారు? ‘ఈల్లూ ఈల్ల దొడ్డీ ఒకటే’ అంతారు.”

“ఎవరంటారు?”

“ఎవులో ఒకలు అంతారు.”

“ఇరవై ఏళ్ళలో ఎవరైనా అన్నారా?”

“అననివ్వనేదు గదా!” అంది.

ఇంకొంచెం అడిగితే, రెండు నెలలుగా తనకూ మంటగా ఉందని చెప్పింది. ఊరందరికీ నేర్పే మనిషి నాకు వచ్చిన రోగంతోనే ఆ బల్ల మీద కూర్చుని ఉంది. నాకు కోపం వచ్చింది. నర్సింగ్ హోంలో నాలుగు రోజులు ఎలా ఉంటుందో ఉన్నదున్నట్టు చెప్పాను. సూదుల లెక్కతో సహా. “బయపెట్టేత్తన్నావా?” అంది. అవునన్నాను. డాక్టరమ్మ దగ్గరికి తీసుకువెళ్ళి మాత్రలు ఇప్పించాను. మాత్రలు వేసుకుంది. నీళ్ళ దగ్గర మాత్రం మొండికేసింది, అచ్చం నీలాగే.

మొన్న గురువారం పదకొండింటికి నేను రేవు నుంచి వస్తుంటే దూరం నుంచే చెయ్యి ఊపింది.

“పేపరమ్మా, బేగి రా. ఈ గుమ్మం కాడ నిలబడు. ఎవులొచ్చినా సాఫ్ అవతందని సెప్పు. కదలకు.”

తను లోపలికి వెళ్ళింది. నేను తలుపు మీద చెయ్యి వేసి నిలబడ్డాను. ఒకావిడ వచ్చి “మాసీ కోథాయ్?”, మాసీ ఏదీ అని అడిగింది. సాఫ్ జరుగుతోంది, లోపల కడుగుతున్నారని నాకొచ్చిన బెంగాలీలో చెప్పాను. లోపల కుళాయి మీద నీళ్ళు పోసిన చప్పుడు వినిపించింది, తర్వాత గొళ్ళెం. బయటికి వచ్చి సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని, రెండు చేతులూ గాలిలో ఆరబెట్టుకుంటూ వచ్చి బల్ల మీద కూర్చుంది.

“ఎవులు కడిగారో గానీ, శుబ్బరంగా ఉంది” అంది.

వచ్చినావిడకు ఏమీ అర్థం కాలేదు. మేమిద్దరం నవ్వుతుంటే పక్కనుంచి లోపలికి వెళ్ళింది. ఆ తర్వాత రాములమ్మ నా సీసా అడిగి తీసుకుని సగం తాగింది.

పెద్దక్కా, ఆ తలుపు మీద చెయ్యి వేసి నిలబడినప్పుడు నాకొకటి గుర్తుకు వచ్చింది. రాయాలా వద్దా అని మూడు రోజులు ఆలోచించాను. రాస్తున్నాను. తప్పయితే చించెయ్యి.

నీకు పద్నాలుగేళ్ళు, నాకు ఏడు. అమ్మతో పలాస నుంచి విశాఖపట్నం వెళ్తున్నాం. రైల్లో బాత్రూం తలుపుకు గొళ్ళెం లేదు. నన్ను బయట నిలబెట్టి “చిట్టీ, తలుపు పట్టుకో, కదలకు” అన్నావు. ఆమదాలవలసలో బఠాణీలవాడు ఎక్కాడు. నేను తలుపు వదిలేసి వాడి వెంట పోయాను. తిరిగి వచ్చేసరికి తలుపు తీసి ఉంది, ఎవడో ఒక మగమనిషి నవ్వుతూ అవతలి పెట్టెలోకి పోతున్నాడు. నువ్వు వచ్చి కిటికీ వైపు తిరిగి కూర్చున్నావు. విశాఖపట్నం దాకా తిరగలేదు. నన్ను ఒక్క మాట అనలేదు, అమ్మకు చెప్పలేదు. తిరుగు ప్రయాణంలో అమ్మ మంచినీళ్ళు ఇస్తే వద్దన్నావు. ఎందుకే అంటే, “రైల్లో అన్నీ క్రిములు” అన్నావు. ఆ మాట నేను నీ నోట వినడం అదే మొదటిసారి.

రాములమ్మ ఆగింది క్రిములకు కాదు. నువ్వు కూడా క్రిములకు కాదేమో అనిపిస్తోంది. అయితే ఆ తప్పు నాది. నువ్వు ఇన్నేళ్ళూ దాన్ని క్రిముల మీదికి తోసి నన్ను కాపాడావు.

కాబట్టి నువ్వు ఒక్కదానివీ బయలుదేరకు. సెలవు అడిగాను, ఇచ్చారు. శనివారం నేనే పలాస వస్తున్నాను. సోమవారం ఇద్దరం కలిసి రైలెక్కుదాం. ఆదివారం నుంచే నువ్వు నీళ్ళు తాగాలి. బరంపురం దాటేలోగా ఒక సీసా అయిపోవాలి. నువ్వు ఎన్నిసార్లు వెళ్ళినా నేను తలుపు పట్టుకుని నిలబడతాను. గొళ్ళెం ఉన్నా నిలబడతాను.

చోడిపిండి ఒక కిలో, ఎండు నెత్తళ్ళు కొంచెం కట్టి ఉంచు, ఇక్కడ మన రుచివి దొరకలేదు. నెత్తళ్ళు రాములమ్మకు కూడా కావాలట. బావగారికి నా నమస్కారాలు. కార్డు రాసినందుకు కృతజ్ఞతలని నా మాటగా చెప్పు. అత్తయ్యగారి కాళ్ళకు దండం పెట్టానని చెప్పు. పిల్లలకు ముద్దులు. నువ్వు నన్ను దీవించు. ముందు ఒకసారి తిట్టు, నలభై ఏళ్ళ నాటి తిట్టు బాకీ ఉంది. తర్వాత దీవించు.

నీ చెల్లెలు,
చిట్టి